ఎలుగుబంటి కథ కోసం నీళ్ల కంప్యూటరు

అరకులో మా మిషన్ బడికి మొదటి కంప్యూటరు వచ్చింది రెండువేల నాలుగులోనో, ఐదులోనో. విశాఖపట్నంలో విడిభాగాలు కొని బిగించి, జీపు వెనక సీట్లో రెండు దిండ్ల మధ్య కూర్చోబెట్టి ఘాటీ ఎక్కించాం. నేను ఆ బడిలో లెక్కల టీచర్ని. మా నాన్న కురుపాంలో పంతులుగా ఉన్నప్పుడు రేడియో పాడైతే తనే విప్పేవాడు, నేను పక్కన కూర్చుని మరలు పట్టుకునేదాన్ని. మాటల సందర్భంలో ఈ సంగతి ఎప్పుడో మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌తో అన్నాను. ఆవిడ గుర్తుపెట్టుకుని నన్ను కంప్యూటరుకి ఇన్‌చార్జి చేసేశారు.

కంప్యూటరు తెప్పించింది ఉత్తరాలు టైపు చేసుకోవడానికి కాదు. ఒకటో తరగతిలో చేరే పిల్లలు ఇళ్లలో ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. వరండాలో చెవులు హోరెత్తేలా కబుర్లు చెప్పుకునే పిల్లలు, తెలుగు వాచకం తెరవగానే నోరు కుట్టేసినట్టు కూర్చునేవారు. వాళ్ల ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే కథల్ని వాళ్ల మాటలోనే రికార్డు చేసి, తరగతిలో వినిపించి, మెల్లగా తెలుగులోకి తీసుకొద్దామని సిస్టర్ ఆలోచన. ముందు టేప్ రికార్డర్‌తో మొదలుపెట్టాం. ఒక్క వర్షాకాలానికే క్యాసెట్లన్నిటికీ బూజు పట్టింది. అందుకని కంప్యూటరు.

బియ్యం బస్తాలు పెట్టుకునే రాతిగోడల గది ఖాళీ చేసి, గోడలకి గోనెసంచులు వేలాడదీసి, దానికి రికార్డింగ్ రూమ్ అని పేరు పెట్టుకున్నాం. ఒక మైకు, ఒక చాప, ఒక బల్ల. ఆ బల్లకింద కంప్యూటరు.

కథలు చెప్పడానికి ఒప్పుకున్న మొదటి మనిషి అనంతగిరి వైపు కొండమీద ఊరినుంచి వచ్చే ఒక ముసలామె. ఆమె మనవరాలు మా దగ్గర మూడో తరగతి చదివేది. సంతరోజున కొండచీపుళ్లు, పసుపు కొమ్ములు తెచ్చి అమ్ముకుని, మధ్యాహ్నానికి బడికి వచ్చేది. నేను మామ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను గుంటా అనేది, అంటే పిల్లా అని. అప్పటికి నాకు ముప్ఫై దగ్గరపడుతున్నాయి, మా తరగతి పిల్లలు పక్కనే ఉన్నా సరే ఆమెకి నేను గుంటనే. తట్ట దించి, చాపమీద కాళ్లు చాపుకుని, పంచదార దండిగా వేసిన టీ తాగి, అప్పుడు మొదలుపెట్టేది.

ఆమె మొదలుపెట్టగానే కంప్యూటరు కూడా మొదలుపెట్టేది.

ఆ కాలం ప్రాసెసర్లు పనిచేస్తే కుంపట్లలా కాగేవి. వాటిని చల్లార్చడానికి మీద ఒక ఫ్యాను. వేడి పెరిగేకొద్దీ ఫ్యాను వేగం పెరుగుతుంది. మామ్మ గొంతు మెత్తన. దాన్ని పట్టుకోవాలని నేను మైకు పెంచితే, మైకు ఫ్యానుని కూడా శ్రద్ధగా పట్టుకునేది. మొదటి నాలుగు కథలూ విని సిస్టర్ హెడ్‌ఫోన్లు తీసి, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఆవిడ రైసుమిల్లులో కూర్చుని చెప్పారా?"

కంప్యూటరు మీద రెండు రగ్గులు కప్పి చూశాను. పావుగంటకి ఊపిరాడక దానంతటదే ఆగిపోయింది, కథ సగంలో పోయింది. పెట్టెని వరండాలోకి తీసుకెళ్లి కిటికీలోంచి వైర్లు లాగి చూశాను. వైర్లు పొట్టి. మానిటరు కిటికీ ఊచల మధ్య ఇరుక్కుని, నేను సగం ఒళ్లు బయటపెట్టి మౌసు నొక్కాల్సొచ్చింది. మామ్మ కథ ఆపి నన్నే చూస్తూ కూర్చుంది.

అలాగే పధ్నాలుగు కథలు రికార్డు చేశాం. అన్నీ చిన్నవే, నాలుగేసి నిమిషాలు, మహా అయితే ఐదు. మొదలు ఎంతో నిదానంగా ఉండేది. అడవి, గెడ్డ అని వాళ్లనే కొండవాగు, ఆ గెడ్డ దగ్గర ఏ చెట్టు, ఆ చెట్టుకి ఏ కాయ, అన్నీ వచ్చేవి. ఆ తర్వాత కథ పరుగందుకునేది. "ఇంటికి ఎల్లిపోనాది. అయిపోనాది" అని మామ్మ చేతులు దులుపుకునేది. సిస్టర్ పై ఆఫీసుకి పంపే నివేదికలో నేను ఒక పేరా రాశాను. ఇక్కడి కథలు హఠాత్తుగా ముగుస్తాయనీ, అది వీటి ప్రత్యేక శైలి అనీ. రాసుకున్నాక రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

దసరా సెలవుల్లో విశాఖపట్నం వెళ్లినప్పుడు ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, చప్పుడు లేని కంప్యూటరు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తమ కంప్యూటర్లలో గొట్టాలు పెట్టి నీళ్లు తిప్పుతున్న ఫొటోలు కనిపించాయి. మొదట నవ్వొచ్చింది. కరెంటు ఉన్నచోట నీళ్లేమిటి? తర్వాత రెండు గంటలు కదలకుండా చదివాను. చిప్పు మీద రాగిదిమ్మ. దాని లోపల నీళ్లు పారడానికి దారులు. ఆ నీళ్లు వేడిని మోసుకుని రేడియేటర్‌కి వెళ్లి, చల్లబడి తిరిగొస్తాయి. తిప్పడానికి చిన్న పంపు. అంతే. బొమ్మ గీసుకుని పర్సులో పెట్టుకున్నాను.

అరకు తిరిగొచ్చాక నేరుగా మెకానిక్ బాబాయ్ షెడ్డుకి వెళ్లాను. కొండ ఊళ్లకి తిరిగే జీపులన్నీ రోడ్డు పక్కనున్న ఆ షెడ్డులోనే బాగయ్యేవి. విజయనగరం వైపునుంచి ఎప్పుడో వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. అప్పుడు జీపు కింద పడుకుని ఉన్నాడు. పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"బాబాయ్, మా కంప్యూటరుకి రేడియేటర్ పెట్టాలి."

పాదాలు కదలడం ఆగింది.

"ఏటీ?"

"రేడియేటర్."

ఆయన జారుకుంటూ బయటికొచ్చాడు. ముఖమంతా గ్రీజు. "కంప్యూటరుకి ఇంజనుంటాదేటి?"

"ఇంజను లేదు, చిప్పు ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా చిన్నది. కానీ జీపు ఇంజనులాగే కాగుతుంది."

"ఘాటీ ఎక్కితే కాగినట్టా?"

"అది ఎప్పుడూ ఘాటీలోనే ఉంటుంది బాబాయ్."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని నా బొమ్మ తీసుకున్నాడు. తలకిందులుగా చూసి, తిన్నగా చూసి, "ఓస్, ఇంతేనా! నీకు ఎవులో పెద్ద ఇంజనీరు గావాలనుకున్నాను" అన్నాడు.

షెడ్డు వెనక తుక్కులోంచి అరచేతి మందాన, పలకంత వెడల్పున ఉన్న ఒక చిన్న రేడియేటర్ తీసుకొచ్చాడు. చలిదేశంలో తయారైన ఏదో పాత వ్యానుదట. కూర్చున్నవాళ్ల కాళ్లకి వెచ్చటి గాలి తగలడానికి అందులో ఇలాంటివి పెట్టేవారట. "పదేళ్లనుంచి దీన్ని ఏటి సేసుకోవాలో తెలక ఉంచీసాను" అన్నాడు సంతోషంగా.

రాగిదిమ్మ కోసం మళ్లీ విశాఖపట్నం వెళ్లాను. కంచరపాలెంలో లేత్ మెషిన్ ఉన్న ఒకాయన నా బొమ్మ చూసి, ఇది దేనికని అడిగాడు. చెప్పాను. కాసేపు నా ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా చేసిచ్చాడు. చాలా చక్కగా చేశాడు. రంగుచేపలు అమ్మే షాపులో నీళ్లలో ముంచిపెట్టే చిన్న పంపు కొన్నాను. "ఎన్ని చేపలున్నాయండీ?" అని అడిగాడు షాపాయన. ఒక్కటీ లేదన్నాను.

నీళ్ల తొట్టి కోసం సిస్టర్ వంటింట్లో గోంగూర పచ్చడి సీసా అడిగి తెచ్చాను, పెద్ద మూతి ప్లాస్టిక్‌ది. సబ్బుతో నాలుగుసార్లు కడిగినా వాసన పోలేదు. ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్లకీ సంవత్సరం పొడుగునా ఆకలేసేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక బాబాయ్ పనిముట్ల సంచితో వచ్చాడు. ఫ్యాను ఊడదీశాం. రాగిదిమ్మ అడుగుని అద్దంపలక మీద గీకుడు కాగితం పెట్టి ముఖం కనిపించేదాకా రుద్దింది నేను. దాన్ని చిప్పు మీద నాలుగు బోల్టులతో, కింద స్ప్రింగులు పెట్టి, మరీ బిగించకుండా మరీ వదలకుండా కూర్చోబెట్టింది ఆయన. కిటికీ చెక్కకి రెండు బెజ్జాలు వేసి గొట్టాలు బయటికి లాగి, రేడియేటర్‌ని వరండా గోడకి తగిలించాం. అరకు గాలికి దానికి వేరే ఫ్యాను అక్కర్లేదని ఆయన పందెం. పంపుని సీసాలో దించి, బ్యాటరీల్లో పోసే నీళ్లు పోశాం.

సిస్టర్ గుమ్మంలో నిలబడి అంతా చూశారు.

"కరెంటూ నీళ్లూ ఒకే పెట్టెలోనా?"

"అవునండీ."

"మీ ఇద్దరి మీదా నాకు నమ్మకం ఉంది. పిల్లల్ని మాత్రం ఈ గదిలోకి రానివ్వకండి."

ముందు కంప్యూటరుకి కరెంటు ఇవ్వకుండా, పంపు ఒక్కటే వేసి, కింద న్యూస్‌పేపరు పరిచి ఒక రోజంతా వదిలేశాం. మర్నాడు వెళ్లి చూస్తే సినిమా పేజీలో హీరోయిన్ బుగ్గమీద రూపాయి బిళ్లంత తడి. పైన ఒక క్లిప్పు వదులుగా ఉంది. బాబాయ్ దాన్ని బిగించి, కొత్త పేపరు వేసి, మరో రోజు ఆగుదామన్నాడు. నాకు ఆగాలని లేదు. "జీపు ఆగిపోతే తోసుకుంటారు. ఇది కాలిపోతే ఏటి తోస్తావు?" అన్నాడు. ఆగాను.

రెండో పేపరు పొడిగా ఉంది. స్విచ్ వేశాను. ఫ్యాను హోరు లేదు. తెరమీద అక్షరాలు వచ్చాయి. వేడి చూపించే అంకె నలభై రెండు దగ్గర ఆగింది.

"నలభై రెండా? మా జీపుని ఎండలో ఊరికే నిలబెడితే అంతకన్నా కాగుతాది" అన్నాడు బాబాయ్, కొంచెం నిరాశగా.

అయితే అసలు మొండి చప్పుళ్లు అప్పుడు బయటపడ్డాయి. పెద్ద చప్పుడు పోయేసరికి చిన్నవి గొంతు విప్పాయి. హార్డ్ డిస్క్ కిర్రుమంటోంది. దాన్ని ఇనప గూటిలోంచి తీసి, పాత సైకిలు ట్యూబు ముక్కలతో ఉయ్యాలలా కట్టాం. కరెంటు డబ్బాలో ఉన్న ఇంకో చిన్న ఫ్యాను వైరు మార్చి నెమ్మదిగా తిరిగేలా చేశాం. పంపు కింద స్పాంజి పెట్టాం. చివరికి గొట్టాల్లో గాలిబుడగల గుడగుడ మిగిలింది. కరెంటు తీసేసి, బాబాయ్ ఆ పెట్టెని పాలు తాగిన పసిపిల్లలా భుజాన వేసుకుని, అటూ ఇటూ వంచుతూ గదంతా తిరిగాడు. నేను గొట్టాలూ సీసా పట్టుకుని ఆయన వెనకే నడిచాను. బుడగలన్నీ సీసాలోకి వచ్చేశాయి. ఆ తర్వాత గదిలో వినపడింది దూరంగా లోయలో ఇనపరాయి మోసుకెళ్తున్న గూడ్సు రైలు చప్పుడు మాత్రమే. అది నా చేతిలో లేదు.

ఈ హడావుడిలో మూడు సంతలు గడిచిపోయాయి. నాలుగో సంతకి మామ్మ వచ్చింది. తట్ట దించింది, టీ తాగింది, కాళ్లు చాపుకుంది. ఎదురుచూస్తూ కూర్చుంది. నేనూ ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"ముట్టించవేటి గుంటా?"

"ఆన్‌లోనే ఉంది మామ్మా."

ఆమె నమ్మలేదు. బల్లకిందికి వంగి పెట్టెకి చెవి ఆనించింది. "సచ్చిపోనాదేటి?"

"లేదు. నీళ్లు పెట్టాం. ఇటు చూడు."

గొట్టం చూపించాను. ఆమె రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. గోరువెచ్చగా ఉంది. "బతికే ఉన్నాదిలే" అని సర్దుకుని కూర్చుంది. "అయితే ఎలుగ్గొడ్డు కత సెప్తాను."

ఆ కథ రెండోవారంలోనే చెప్పేసింది. ఆ మాటే అన్నాను. "సెప్పినాను. మళ్లీ సెప్తాను" అంది. పెద్దావిడ, మరిచిపోయిందేమో, నొప్పించడం ఎందుకని రికార్డు మీట నొక్కాను. నాకు అప్పటికి వాళ్ల ఆదివాసీ ఒరియా బాగానే అర్థమయ్యేది.

అడవిలో తప్పిపోయిన ఒక పిల్ల ఎలుగుబంటి గుహకి చేరుతుంది. ఎలుగు ఆమెని తినకుండా చోళ్లు, అదే రాగులు, దంచమంటుంది. పిల్ల రోజూ దంచుతుంది, అంబలి కాస్తుంది. ఒకరోజు ఎలుగు నిద్రపోతుంటే తప్పించుకుని ఇంటికి వెళ్లిపోతుంది. నాకు తెలిసిన కథ అంతే. పిల్ల ఇల్లు చేరేసరికి ఆపడానికి మౌసు మీద చెయ్యి వేశాను.

మామ్మ ఆగలేదు.

ఇంటికి వెళ్తే పిల్ల ఒంటినిండా ఎలుగు వాసన. కుక్కలు మొరుగుతాయి. కన్నతల్లి తలుపు తియ్యదు. పిల్ల ఒక్కో గెడ్డలో మునుగుతూ, ఒక్కో గెడ్డ దగ్గర ఒక్కో ఆకు నలిపి ఒళ్లు రుద్దుకుంటూ ఏడు గెడ్డలు తిరుగుతుంది. ఈలోపల అక్కడ ఎలుగు నిద్రలేస్తుంది. దంపుడు చప్పుడు లేదు. చట్టిలో పొద్దుటి అంబలి ఉంది. అది తాగదు. పిల్ల వస్తే తాగుదామని పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. చీకటి పడుతుంది. వాన పడుతుంది. ఎలుగు కొండకొమ్ము మీదికి ఎక్కి పిల్లని పిలుస్తుంది. మామ్మ ఆ పిలుపు పిలిచింది. "ఓ దిదీ" అని, అంటే ఓ అక్కా అని, సన్నగా, చివర కొంచెం సాగదీసి. మూడుసార్లు పిలిచి, ప్రతిసారీ ఆగి వింది. ఆమె వింటుంటే నేనూ విన్నాను. ఆ గదిలో జవాబు చెప్పేవాళ్లెవరూ లేరు. పిల్ల వెళ్లిన తోవ పొడుగునా ఎలుగు నేల వాసన చూసుకుంటూ పోతుందట. ఇప్పటికీ ఎలుగులు తల దించుకుని నడిచేది అందుకేనట.

"ఇప్పుడు అయిపోనాది" అంది మామ్మ.

తెరమీద చూస్తే ఇరవైమూడు నిమిషాలు. నేను చున్నీతో కళ్లు తుడుచుకుని అడిగాను. "ఇదంతా మొన్న చెప్పలేదేం మామ్మా?"

"ఎలగ సెప్తాను? అది రొప్పుతాది గదా!" పెట్టె వైపు చూపించింది. "నాను మొదలెట్టినప్పుడు బాగానే ఉంటాది. సెప్పినకొద్దీ రొప్పు ఎక్కువైపోతాది. నా కత మొయ్యలేకపోతన్నాది, పాపం, అనుకున్నాను. అందుకే బేగి బేగి ముగించీసినాను."

"నాకు చెప్పొచ్చు కదా!"

"నీకు ఇనపడతన్నాది గదా, నువ్వే దానికి ఏటో సేత్తావనుకున్నాను. సేసినావు గదా మరి!"

నేను ముందు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. మూడు నెలలు ఆమె ఎదురుగా కూర్చుని నేను చూసింది తెరమీద ఎగిరే ఆకుపచ్చ గీతల్ని. ఆమె మాత్రం కథ చెబుతూనే, గదిలో ఇంకొకళ్లకి ఆయాసం వస్తోందని కనిపెట్టి సర్దుకుపోయింది. అన్నిటికన్నా ఆ నివేదికలో రాసిన పేరా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఇక్కడి కథల ప్రత్యేక శైలి అట! అది మా ఫ్యాను శైలి.

సిస్టర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి చాలాసేపు నవ్వారు. "ఆ పేరా తీసేయండి. పధ్నాలుగూ మళ్లీ చెప్పించండి" అన్నారు.

మళ్లీ చెప్పించడానికి వేసవి దాకా పట్టింది. ఒక్కో సంతకి ఒక్కో కథ, ఒక్కోసారి ఒక కథకే రెండు సంతలు. మధ్యలో ఒకసారి వేడి అంకె మెల్లగా అరవై దాటింది. కంగారుగా వరండాలోకి పరిగెత్తి చూస్తే, చలికి బడి కుక్క రేడియేటర్‌ని హత్తుకుని పడుకుని ఉంది. బొచ్చు రేకుల్లో ఇరుక్కుపోయి గాలి ఆడడం లేదు. బాబాయ్ టైర్లకి గాలికొట్టే పంపుతో దాన్ని శుభ్రంచేసి, కాస్త ఎత్తున బిగించాడు. కుక్కకి కోపం వచ్చి రెండు రోజులు మావైపు రాలేదు. సీసాలో నీళ్లు ఒకసారి పాకుడు పట్టి పచ్చబడ్డాయి. వాటిని పారబోసి, జీపుల్లో పోసే ఆకుపచ్చ మందునీళ్లు పోశాడు. ఎప్పుడెప్పుడు పోద్దామా అని మొదటినుంచీ చూస్తున్నాడు, అవకాశం దొరికింది.

బడి తెరిచాక ఒకటో తరగతిలో ఎలుగుబంటి కథ వినిపించాం. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. పిల్లలు మొదట స్పీకరు పెట్టె వెనక ఎవరున్నారోనని తొంగిచూశారు. తర్వాత కదలడం మానేశారు. ఎలుగు కొండకొమ్ము మీదనుంచి పిలిచింది. మామ్మ వినడానికి ఆగిన ఆ క్షణంలో, ముందు బెంచీలో ఒక పిల్ల జవాబు పలికింది. రెండో పిలుపుకి సగం తరగతి పలికింది. మూడో పిలుపుకి తరగతంతా లేచి నిలబడి ఎంత గట్టిగా అరిచిందంటే, సిస్టర్ ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చారు.

ఈ సంగతి మామ్మకి చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పలకరేటి మరి? పిలిత్తన్నాది గదా" అంది.

ఆ తర్వాతి సంతకి ఆమె ఒంటరిగా రాలేదు. పక్క ఊరినుంచి తన ఈడు మనిషినే ఇంకొకామెని వెంటపెట్టుకొచ్చింది. ఎంతసేపు చెప్పినా విసుక్కోకుండా వినే పెట్టె ఒకటి ఉందని తోవలో చెప్పుకుంటూ వచ్చిందట. కొత్తగా వచ్చినామె గది నాలుగు మూలలా చూసింది. గొట్టం పట్టుకుని చూసింది. టీ రెండు గ్లాసులు తాగింది. ఇద్దరూ చాపమీద చెరో పక్క కూర్చున్నారు.

"దీనికి ఎలుగ్గొడ్డు కత సెప్పినావా?" అని అడిగింది మామ్మని.

"సెప్పినాను."

"మగ ఎలుగనే సెప్పుంటావు."

"మగదే గదేటి?"

"కాదు. ఆడది." కొత్తామె నా వైపు తిరిగి, కొంగు బిగించి దోపుకుంది. "ఈవిడకి సగమే తెలుసు. నాను సెప్తాను, పట్టుకో గుంటా."

నేను మైకు ఆమె ముందుకి జరిపాను.